మంత్రి ప్యాడ్ మీద ఉత్తరం

ఆ పది పన్నెండు రోజులు మా ఇంట్లో రేడియోకు జరిగిన సేవ పసిపిల్లకు జరగలేదు. సెల్లులు నీరసపడితే తీసి పొద్దున్నే ఎండలో పెట్టేదాన్ని. వార్తల వేళకు వాటిని మళ్లీ వేసి, ముల్లు కదలకుండా కట్టెపీట మీద ఆనించి కూర్చునేదాన్ని. పాప వచ్చి ముట్టుకుంటే చేతి మీద ఒకటి వేసేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. రాష్ట్రానికి కొత్తగా వచ్చిన ముఖ్యమంత్రి ఎవరెవరిని మంత్రులుగా పెట్టుకుంటాడన్న దాని మీదే నా బిడ్డ బతుకు ఆధారపడి ఉందని అప్పుడు నేను గట్టిగా నమ్మాను.

ఎనభైలు చివరికి వచ్చిన రోజులవి. నేను టేకులపల్లి అవతల, అడవిలో ఒక ఊరి బడిలో టీచర్ని. బస్సు దిగి మూడు మైళ్లు నడవాలి, మధ్యలో ఒక వాగు దాటాలి. మా ఆయన నేలకొండపల్లిలో సహకార సంఘంలో గుమాస్తా. అత్తమ్మ ఆయన దగ్గరే ఉండేది. నేను పాపను చంకన వేసుకుని అడవిలో ఉండేదాన్ని. శనివారం బడి ఒంటిపూట కాగానే బయలుదేరి నేలకొండపల్లి వచ్చి, ఆదివారం చర్చి అయ్యాక మళ్లీ బస్సెక్కేదాన్ని. పాపకు ఏడాదిన్నర. ఇంకా పాలు మాన్పలేదు. నన్ను విడిచి గంట కూడా ఉండేది కాదు, నిజం చెప్పాలంటే నేనూ ఉండలేకపోయేదాన్ని.

ఆ ఏడు వానలు వెనకబట్టాక పాపకు చలిజ్వరం మొదలైంది. ఒకసారి తగ్గింది, మళ్లీ వచ్చింది. నవంబర్‌లో మూడోసారి వచ్చినప్పుడు ఖమ్మం తీసుకెళ్లాం. డాక్టరు పాప పొట్ట మీద వేళ్లతో నొక్కి చూసి, జ్వరాలకు ప్లీహం ఉబ్బి కడుపులో బల్ల పెరిగిందన్నాడు.

"ఏం ఊరమ్మ మీది?" అని అడిగాడు. చెప్పాను.

"పిల్లను మళ్లా ఆ అడవికి తీసుకపోకు. రక్తం ఏం లేదు ఒంట్ల. ఇంకోసారి గిట్లనే వస్తే నేను చెప్పలేను" అన్నాడు.

తీసుకుపోవద్దు అనడం తేలికే. పాపను నేలకొండపల్లిలో వదిలి నేనొక్కదాన్నే పోవాలి, లేదంటే ఉద్యోగం మానుకోవాలి, అదీ కాదంటే బదిలీ చేయించుకోవాలి. మా ఆయన జీతంతో నలుగురం బతకగలం గానీ, నేను పడి లేచి చదువుకుని తెచ్చుకున్న ఉద్యోగం అది. కాబట్టి బదిలీ అన్నాను. దేవుడు దారి చూపించినట్టే, నేలకొండపల్లికి రెండు మైళ్లలో ఉన్న ఒక ఊరి బడిలో పెద్ద టీచరొకాయన ఆ నెలాఖరుకే రిటైర్ అవుతున్నాడని మా ఆయన తెలుసుకుని వచ్చాడు.

అప్పుడే ఎన్నికలు జరిగి ఓట్లు లెక్కపెట్టారు. మా వైపు ఎమ్మెల్యే గెలిచాడు. ఖమ్మంలో ఆయన ఇంటి ముందు దండల జనం తగ్గేదాకా రెండు గంటలు నిలబడి, మేమిద్దరం లోపలికి వెళ్లాం. పాప ఎండకు వాడిపోయి నా భుజం మీద పడుకుంది. ఆయన పాపను చూసి, నన్ను చూసి, "పాపం, పసిదానికి ఎంత కష్టమొచ్చె" అని తన పేరు అచ్చేసిన ప్యాడ్ తెప్పించి, అక్కడికక్కడే ఉత్తరం రాయించి సంతకం పెట్టాడు. నేను దండం పెట్టబోతే వద్దన్నాడు. మంచి మనిషి. ఈ కథలో ఆయన తప్పేమీ లేదు.

మెట్లు దిగుతుంటే ఆయన పీఏ మా వెనకే వచ్చాడు.

"అమ్మా, గా లెటర్ ఇప్పుడే ఇయ్యకు. నాలుగు రోజులు ఓపిక పట్టు. సారుకు మంత్రి పదవి ఖాయం. మంత్రి ప్యాడ్ మీద రాసిస్తే ఆఫీసర్ లేచి నిలవడుతడు. ఎమ్మెల్యే లెటర్లు ఆళ్ల దగ్గర కట్టలకు కట్టలున్నయ్" అన్నాడు.

"రెండూ ఇస్తే కాదా?" అని మా ఆయన అడిగాడు.

"ఒక్క పనికి రెండు లెటర్లు పెడితే ఏదీ చెయ్యరు సారూ. ఇదేందీ, అదేందీ అని ఫైలు పక్కకు పెడ్తరు."

బస్టాండులో మా ఆయన ఉత్తరం ఇప్పుడే ఇచ్చేద్దామన్నాడు. బదిలీలు చూసే ఆఫీసు పక్కనే ఉంది, పది నిమిషాల పని. నేను వద్దన్నాను. అంతకు ముందు ఏడాది పాత ఎమ్మెల్యే ఉత్తరం ఒకటి ఇచ్చాం. అది ఏ కట్టలో కలిసిందో ఈ రోజుదాకా తెలియదు. "ఈసారి గట్టిగా కొడదాం" అన్నాను. నేను పట్టుబట్టితే ఆయన ఎప్పుడూ నా మాటే కానిస్తాడు. ఉత్తరాన్ని మడిచి, బైబిల్ అట్టకూ కాగితాలకూ మధ్య పెట్టి, ఆ బైబిల్ను నా చేతిసంచిలో పెట్టుకున్నాను.

నాలుగు రోజులూ గడిచాయి. కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశాడు గానీ ఒంటరిగానే చేశాడు. మంత్రుల పేర్ల జాబితా ఢిల్లీకి పోయిందన్నారు. వచ్చిందన్నారు. మళ్లీ పోయిందన్నారు. మా బడిలో ఇద్దరమే టీచర్లం, నేనూ పెద్దసారూ. పెద్దసారుకు రాజకీయాలంటే ప్రాణం. పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పమని చెప్పి, సుద్దముక్కతో బల్ల మీదే జిల్లాలు రాసి లెక్కలు కట్టేవాడు.

"మన జిల్లాకు ఒక్క సీటే మేడం. ముగ్గురు గెలిచిండ్రు. ఒకాయన సీనియర్. ఒకాయనకు ఢిల్లీల మనుషులున్నరు. మనాయనేమో కష్టకాలంల ఈ ముఖ్యమంత్రి పక్కన నిలవడ్డడు."

"మరి పక్కన నిలబడ్డవాళ్లకే ఇస్తాడు కదండీ?" అన్నాను ఆశగా.

ఆయన నవ్వాడు. "గదే రాజకీయం మేడం. పక్కన నిలవడ్డోడు ఎటు పోతడు? ఏడికీ పోడు. ఎదురు తిరిగెటోనికి ముందు పెట్టాలె. నమ్మినోన్ని ఆగుమనాలె."

ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ముక్కూమొహం తెలియని మనుషుల మీద పగబట్టాను. ఏ జిల్లాలో ఎవరికి పదవి వస్తుందన్నా నాకు మంటే. పక్క జిల్లాకు రెండు ఇస్తారంటే మాది పోయినట్టే అనుకునేదాన్ని. ఆడవాళ్లకు ఒకటి ఇస్తారంటే, నేనూ ఆడదాన్నే అయ్యుండీ, ఆ ఒకటి ఎందుకులే అనుకున్నాను. ఒక్కోసారి ఆ ముఖ్యమంత్రి మీద జాలి కూడా వేసేది. ఎవరిని పక్కన పెడితే ఎవరు అలుగుతారో, ఎవరిని తీసుకుంటే ఎవరు వెన్నుపోటు పొడుస్తారో అని ఆయన మాత్రం హాయిగా ఉంటాడా? అంతలోనే కోపం వచ్చేది. ఇంటికి పెద్దయినవాడు వడ్డించడానికి ఇంత ఆలస్యం చేస్తే ఎట్లా, ఆకలిగొన్నవాళ్లు ఉండరా?

మొదటి జాబితా గురువారం వచ్చింది. ఎనిమిది పేర్లు. మా ఆయన పేరు లేదు. మా ఆయన అంటున్నాను చూడండి, ఎమ్మెల్యేని. అప్పటికి మేమంతా అలాగే అనేవాళ్లం. నన్ను కట్టుకున్న మా ఆయన ఖమ్మం వెళ్లి పీఏను కనుక్కుంటే, "రెండో లిస్టుల పక్కా" అన్నాడట. కొత్త ప్యాడ్లు అచ్చు కూడా అయ్యాయని చెప్పి, మా ఆయనకు ఒకటి తీసి చూపించాడట. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని మా ఆయన విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ ప్యాడ్ల మాట వినగానే ధైర్యం వచ్చింది. అచ్చు వేయించారంటే ఊరికే వేయిస్తారా అనుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో జరిగింది చెప్పాలి. మా చర్చిలో ప్రార్థన విన్నపాలు చీటీల మీద రాసి ఇస్తారు. పెద్ద ఒకాయన లేచి ఒక్కొక్కటీ చదువుతాడు, అందరూ ఆమెన్ అంటారు. మోకాళ్ల నొప్పులు, పరీక్షలు, బర్రె ఈనడం, కొడుకు తాగుడు, అన్నీ అక్కడే తెలుస్తాయి. మా అత్తమ్మ నాకు చెప్పకుండా ఒక చీటీ రాయించి ఇచ్చింది. పెద్దాయన అద్దాలు సవరించుకుని చదివాడు.

"మా కోడలు అడవిల టీచర్. పిల్లకు జ్వరాలు తగ్గుతలేవు. మన పక్క ఊరి బడిల పెద్దసారు రిటైర్ అయిండు, ఆ జాగ ఖాళీ ఉన్నది. మన ఎమ్మెల్యేను ప్రభువు మంత్రిని చెయ్యాలె, ఆయన ఉత్తరంతోటి ఆ జాగ మా కోడలికి రావాలె."

చర్చి మొత్తం ఆమెన్ అంది. వెనక మగవాళ్ల వైపు నుంచి చిన్న నవ్వు కూడా వినబడింది. నేను సిగ్గుతో తల దించుకున్నాను. మంత్రి పదవి కోసం దేవుణ్ని అడిగినందుకు జనం నవ్వుతున్నారన్నదే నా బాధ. చీటీలో ఇంకా ఏముందో నేను పట్టించుకోలేదు.

బయటికి వచ్చాక ఆడవాళ్లు పాపను ముద్దు చేశారు. వాళ్లలో పినపాక అవతల పనిచేసే టీచర్ ఒకామె ఉంది, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద, మనిషి ఎండిపోయి ఉంటుంది. నెలకొకసారి వస్తుంది. నా చెయ్యి పట్టుకుని, "ఏ ఊరి బడి వదినా? ఎన్నడు ఖాళీ అయింది?" అని అడిగింది. ఊరు చెప్పాను. ఎప్పుడు ఖాళీ అయిందో చెప్పాను. ఇంకా ఎవరూ అర్జీ పెట్టలేదని కూడా చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని, "నీకు మంచి జరగాలె" అంది.

అత్తమ్మ పాపను వదిలి వెళ్లమంది. "డాక్టర్ చెప్పె గదా బిడ్డా. నేను జూసుకుంట. ఏడుస్తది, రెండు రోజులేడ్చి ఊకుంటది" అంది. నేను వినలేదు. నాలుగు రోజుల్లో ఎలాగూ వచ్చేస్తున్నాం కదా అన్నాను. ఆ మాట అప్పటికి ఎన్నిసార్లు అన్నానో. పాపను ఎత్తుకుని బస్సెక్కాను.

శుక్రవారం మధ్యాహ్నం బడి విరామంలో ఇంటికొచ్చి రేడియో పెట్టాను. పాపను నేను అద్దెకున్న ఇంటామె చూసుకుంటోంది. ఆమెది ఆ ఊరే, వాళ్ల భాషలోనే పాపతో మాట్లాడేది, పాప అన్నీ అర్థమైనట్టు తలూపేది. ఆమె పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టి, తెలుగులో ఒక్క మాటే అంది, "వణుకుతంది." నేను ఒక చెయ్యి ఎత్తి ఆగమన్నాను. రేడియోలో పేర్లు చదువుతున్నారు. ఒకటి, రెండు, మూడు. పక్క జిల్లా ఆయన. ఆడ ఎమ్మెల్యే ఒకామె. ఆరో పేరో ఏడో పేరో మాది. పశుసంవర్ధక శాఖ.

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. వచ్చింది వచ్చింది అని ఇంటామె చెయ్యి పట్టుకుని ఊపాను. ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. అప్పుడు ఒళ్లో చూసుకున్నాను. పాప పెదవులు నల్లబడి ఉన్నాయి. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. పిడికిళ్లు బిగించి నా వైపే చూస్తోంది. బిడ్డ వణుకుతుంటే నేను నవ్విన ఆ నిమిషాన్ని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

ఇంటామె దుప్పటి చుట్టి పాపను తనే ఎత్తుకుంది. నేను చేతిసంచి పట్టుకుని వెనకే నడిచాను. వాగు దాటి, మూడు మైళ్లూ ఆమే మోసింది. రోడ్డు మీద కట్టెల లారీ ఒకటి ఆగితే ఎక్కాం. ఖమ్మం చేరేసరికి పాపకు ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. దవాఖానాలో చేర్చుకున్నారు. రక్తం ఎక్కించాలన్నారు. మా ఆయన వచ్చి తన రక్తం ఇచ్చాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అంటే బాగుండేది.

నాలుగో రోజుకు పాప కళ్లు తెరిచి పాలడిగింది. అత్తమ్మ మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ మంగళవారం మా ఆయన వెళ్లి మంత్రి ప్యాడ్ మీద ఉత్తరం తెచ్చాడు. పీఏ మాట నిలబెట్టుకున్నాడు. దళసరి కాగితం, పైన ప్రభుత్వ ముద్ర, కింద సంతకం. నేను ముఖం కడుక్కుని, ఇస్త్రీ లేని చీరతోనే, బదిలీలు చూసే ఆఫీసుకు వెళ్లాను.

ఆఫీసరు ఉత్తరం అందుకుని పైన చూశాడు. పీఏ చెప్పినట్టే లేచి నిలబడ్డాడు. నాకు కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు. తర్వాత మిగతా ఉత్తరం చదివి కూర్చున్నాడు.

"ఈ బడా అమ్మా? ఇది నిండిపాయె గదా. పోయిన మంగళవారమే ఆర్డర్ ఇచ్చినం."

"ఎవరికండీ?"

ఆయన రిజిస్టర్ తిప్పి పేరు చదివాడు. పినపాక అవతల పనిచేసే ఆమె పేరు.

"ఎవరు చెప్తే ఇచ్చారు?" అన్నాను.

"ఎవరేందమ్మా, మీ సారే. గీ సారు లెటరే తెచ్చింది. అప్పటికింకా ఎమ్మెల్యే ప్యాడే. సోమవారం ఇచ్చింది, ఇంకెవరూ అడగలే, ఖాళీ ఉన్నది, ఇచ్చినం."

నేను సంచిలోంచి బైబిల్ తీసి, దాని అట్టలోంచి మొదటి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. ఆయన విప్పి తేదీ చూశాడు. ఆమె ఉత్తరం కంటే తొమ్మిది రోజులు ముందుది. ఉత్తరాన్ని పాత మడతల మీదే మడిచి నా చేతికి ఇచ్చాడు. "ఎండాకాలంల చూద్దాం, ఏదన్న ఖాళీ అయితే" అన్నాడు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఆ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. రెండింటిలోనూ మాటలు ఒకటే.

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక ఆమె మా ఇంటికే వచ్చింది, చేతిలో అప్పచ్చుల పళ్లెం. అత్తమ్మ పళ్లెం అందుకోకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

"వదినా, నేను ఆరేండ్ల సంది తిరుగుతున్న. ఖాళీ ఏడున్నదో నాకు తెలిసేదే కాదు. ఆ దినం నువ్వు చెప్పినంకనే తెలిసింది. మా ఆయనకు పక్షవాతం, మంచం మీదున్నడు. చూసేటోళ్లు లేరు" అంది. పళ్లెం నా వైపు చాపి, "నీకు మంత్రి ఉన్నడు గదా. నీకు యాడన్న దొరుకుతది అనుకున్న. నీ పిల్లకు గింత పనైతదని నాకు తెల్వదు" అని ఏడ్చింది.

ఆమెను తిట్టడానికి పది రోజులుగా మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. అయినా పళ్లెం తీసుకున్నాను. అబద్ధమెందుకు, క్షమించి కాదు. ఆమె చేసిన పని, ఉత్తరం చేతికి రాగానే వెళ్లి ఇవ్వడం, నేను చేయాల్సిన పనే అని తెలిసి తీసుకున్నాను. అత్తమ్మ మాత్రం ఆ తర్వాత చర్చిలో చీటీ రాయించడం మానేసింది. ఏదున్నా దేవుడి చెవిలోనే చెప్పుకుంటానంది.

జనవరిలో బడులు తెరిచాక నేనొక్కదాన్నే వెళ్లాను. పాలు మాన్పించడానికి వేపాకు నూరి రాసుకున్నాను. పాప ఒకసారి నోరు పెట్టి, ముఖం చిట్లించి, నా వైపు అదోలా చూసింది. మధ్యాహ్నం అది నిద్రపోతుండగా సంచి తీసుకుని బయలుదేరాను. బస్సు కదిలేదాకా అత్తమ్మ ఇంటి వైపే చూస్తూ కూర్చున్నాను, ఏడుపు వినబడితే దిగిపోదామని. వినబడలేదు.

పాపకు మళ్లీ జ్వరం రాలేదు. బుగ్గలు వచ్చాయి, నడక గట్టిపడింది, ఇల్లంతా తిరిగేది. నా బదిలీ మాత్రం ఏడాదిన్నర తర్వాత, ఎవరి ఉత్తరమూ లేకుండానే, మామూలు వరసలో వచ్చింది. అప్పటికి ఆ మంత్రి మాజీ అయిపోయాడు, ఆ ముఖ్యమంత్రీ మారిపోయాడు.

ఆ ఏడాదిన్నరలో ఒక శనివారం సంగతి చెప్పి ఆపుతాను. వెళ్లిన నెలకో, నెలన్నరకో. మధ్యలో రెండు వారాలు బస్సులు లేక రాలేకపోయాను. వాకిట్లోకి అడుగుపెట్టేసరికి పక్కింటివాళ్లు "టీచరమ్మొచ్చింది" అని పలకరించారు. అత్తమ్మ పాపను ఎత్తుకుని ఎదురొచ్చింది.

"ఎవరొచ్చిండ్రో చూడు బిడ్డా. ఎవరు? చెప్పు?" అంది ముద్దుగా.

పాప నన్ను పరీక్షగా చూసింది. నేను చేతులు చాపాను. అది అత్తమ్మ మెడను గట్టిగా పట్టుకుని, పక్కింటివాళ్ల వైపు ఒకసారి చూసి, నేర్చుకున్న మాట చెప్పినట్టుగా చెప్పింది.

"టీచలమ్మ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రయాణం చేసొచ్చాను, కాళ్లూ చేతులూ కడుక్కుని ఎత్తుకుంటానని చెప్పి పెరట్లోకి వెళ్లాను. చాలాసేపు కడుక్కున్నాను.